ఏడో నంబరు గొడుగు

సెలూన్ అతను నురగ గిన్నె పక్కన పెట్టి, కత్తికి కొత్త బ్లేడు తొడిగి వెనక్కి తిరిగేసరికి కుర్చీలో మనిషి చచ్చిపోయి ఉన్నాడు.

టైమ్ మధ్యాహ్నం పన్నెండూ పది. బయట జోరున వాన. పోయినవాడు ఆ వీధిలో లెక్కల ట్యూషన్లు చెప్పే మాస్టారు. చెవి కింద చిన్న రంధ్రం. తుపాకీ చప్పుడు ఎవరికీ వినిపించలేదు. తడిసిన రెయిన్‌కోటు ఒకటి గుమ్మంలో కనిపించి మాయమైంది, అంతే.

మాస్టారికి ఇంకో ఉద్యోగం ఉంది. ఆ సంగతి డిపార్ట్‌మెంటుకు తప్ప ఎవరికీ తెలియదు.

మూడు రోజుల్లో పోయిన మూడో ఏజెంటు అతను.

ఒంటిగంటకు చీఫ్ గదిలో, టేబుల్ మీద మాస్టారి నల్ల గొడుగు పడి ఉంది. ఇంకా నీళ్ళు కారుతున్నాయి.

"సెలూన్ అతను ఏం చెప్పాడో మళ్ళీ చదువు," అన్నాడు చీఫ్.

ఎదురుగా కూర్చున్న ఏజెంటు కాగితం అందుకున్నాడు. ఆఫీసులో అతన్ని అందరూ 'మరుపు' అంటారు. పదమూడేళ్ళ సర్వీసులో ఒక్క మిషన్ కూడా పోగొట్టుకోలేదు. మిగిలినవన్నీ పోగొట్టుకున్నాడు. రెండు వాచీలు, మూడు కెమెరాలు, ఒకసారి బేడీలు, అందులో ఉన్న మనిషితో సహా. మనిషి సాయంత్రానికి దొరికాడు. బేడీలు ఇప్పటికీ దొరకలేదు.

"'షాపులో నలుగురు కస్టమర్లు ఉన్నారు. మూల స్టాండులో ఉన్న గొడుగు కీచుమని కూసింది. మాస్టారు ఇదేంట్రా బాబూ అని కళ్ళు తెరిచి గొడుగు వైపు చూశాడు. మళ్ళీ కళ్ళు మూసుకున్నాడు.' అంతే సర్."

"గొడుగు కూయడం ఏమిటి?"

చీఫ్ జవాబు కోసం ఆగలేదు. పేపర్‌వెయిట్ తీసి గొడుగు పిడి మీద ఒక్కటిచ్చాడు. పిడి విరిగింది. లోపలి నుంచి చొక్కా గుండీ అంత తెల్ల బిళ్ళ జారి టేబుల్ మీద దొర్లింది.

గోడవారగా నిలబడ్డ స్టోర్ కీపర్ ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"అది... అది 'ఇదిగో' బిళ్ళ సార్."

'ఇదిగో' బిళ్ళ తెలియనివాళ్ళు లేరు. తాళాల గుత్తికి, పర్సుకి, కళ్ళజోడు పెట్టెకి తగిలించుకుంటారు. వస్తువు కనిపించకపోతే ఫోన్ తీసి ఒక మీట నొక్కితే చాలు, బిళ్ళ కీచుమంటుంది. ఊరవతల పడిపోయినా ఆ పక్కగా వెళ్ళే ఎవరి ఫోనో దాన్ని పసిగట్టి మ్యాపులో చూపిస్తుంది. 

"నువ్వే పెట్టావా?" చీఫ్ గొంతు పెరగలేదు. అదే భయం.

"ఏం చెయ్యమంటారు సార్? ఒక్క వస్తువు పోతే మూడు కాపీల్లో నష్ట వివరణ రాయాలి. కారణం, తేదీ, ఇద్దరు సాక్షులు. ఈ మహానుభావుడొక్కడికే పోయినేడు నూటపద్నాలుగు ఫారాలు రాశాను." మరుపు వైపు చూసి కళ్ళు తుడుచుకున్నాడు. "వానాకాలానికి పన్నెండు కెమెరా గొడుగులు ఇవ్వమన్నారు. ఎక్కడున్నాయో తెలుస్తుంది కదా అని పిడిలో బిళ్ళలు పెట్టాను. ఎవరికీ చెప్పలేదు, నవ్వుతారని."

"యాప్‌లో ఏ పేరుతో పెట్టావు?"

స్టోర్ కీపర్ తల వంచుకున్నాడు. ముప్పై ఏళ్ళుగా ప్రతి వస్తువు మీదా చక్కటి చేతిరాతతో చీటీ అంటించిన మనిషి.

"గొడుగు ఒకటి, మాస్టారు. గొడుగు రెండు, కొరియర్. అలా... పన్నెండు వరకూ. ఎవరి దగ్గర ఏది ఉందో తెలియాలి కదా సార్."

చీఫ్ ఫోన్ అందుకున్నాడు.

'ఇదిగో' కంపెనీ వెనక ఉన్నది ఆరోవేలు అనే విదేశీ ముఠా. ఎనిమిది నెలలుగా డిపార్ట్‌మెంటు పెద్దలకు మాత్రం తెలుసు, రుజువే లేదు. ఆ ముఠా చేతిలో తన మనుషుల జాబితాను, కోడ్ పేర్లతో సహా, వరస నంబర్లు వేసి పెట్టాడు స్టోర్ కీపర్. చంపేముందు గొడుగును ఒకసారి కూయిస్తారు. ఎవరు తల తిప్పి చూస్తే వాడే.

"ఏడుగురికి ఫోన్ చేశాం. గొడుగులు పారేసి దాక్కున్నారు," అన్నాడు చీఫ్, అరగంట తర్వాత ఫోన్ పెట్టేసి. "ముగ్గురు పోయారు. నీ గొడుగు..."

"మొదటిరోజే బస్సులో మరిచిపోయాను సర్."

"అందుకే బతికున్నావు. ఇక మిగిలింది ఏడో నంబరు."

మరుపు చేతిలోని కాగితం టేబుల్ మీద పెట్టేశాడు.

ఏడో నంబరు, పిచ్చుక. అతని చెల్లెలు.

కుట్టుమిషన్లు అమ్మే డెమాన్‌స్ట్రేటర్ వేషంలో రోజుకో వీధి, ఇంటింటికీ తిరుగుతోంది. ఫోన్ ఉండదు. సోమవారం రహస్యంగా చీటీ పెట్టేవరకూ ఎక్కడుందో చీఫ్‌కు కూడా తెలియదు. ఈరోజు గురువారం. ఆమె నిజంగానే కుట్టుమిషన్లు అమ్ముతోందనుకుని అమ్మ పక్కింటివాళ్ళకు రెండు అంటగట్టింది కూడా. 'నీ ఆఫీసులోనే ఏదో ఒకటి చూడరా, నీ కళ్ళ ముందుంటుంది' అని అమ్మ అడిగితే ఈ ఉద్యోగంలో చేర్పించింది మరుపే.

"ఒకేసారి ఏడు గొడుగులు ఆగిపోయాయి," అన్నాడు చీఫ్. "మనకు తెలిసిపోయిందని వాళ్ళకు అర్థమై ఉంటుంది. కదులుతున్నది ఇంకొక్కటే. సోమవారం దాకా ఆగరు. సాయంత్రం దాకా కూడా ఆగరు."

"బాబాయ్ యాప్‌లో చూడొచ్చుగా!" అన్నాడు మరుపు, స్టోర్ కీపర్‌ని చూపిస్తూ.

"నిన్నటి నుంచి తెరుచుకోవట్లేదు బాబూ," అన్నాడు స్టోర్ కీపర్. "అలాంటి ఖాతాయే లేదంటోంది."

"కంపెనీ మీద రెయిడ్ చెయ్యండి సర్."

"వారంటు రావడానికి మూడు గంటలు. మనవాళ్ళు మెట్లెక్కేలోపు వాళ్ళు ఒక్క మెసేజ్ పంపితే చాలు." చీఫ్ ముందుకు వంగాడు. "నాలుగో అంతస్తులో కంట్రోల్ రూమ్ ఉంది. పెద్ద మ్యాపు. ప్రతి బిళ్ళా అందులో కనిపిస్తుంది. అక్కడ పనిచేసే మన మనిషి, నెమలి, లోపలికి తీసుకెళ్తుంది. పిచ్చుక ఎక్కడుందో చూసి ఫోన్ చెయ్యి. అంతే పని."

స్టోర్ కీపర్ ఒక బాల్‌పెన్ను అందించాడు.

"మూడుసార్లు నొక్కితే పొగ వస్తుంది. బిల్డింగంతా కమ్మేస్తుంది. నీకు దణ్ణం పెడతాను, ఇదొక్కటీ పోగొట్టకు."

*

రెండూ నలభైకి 'ఇదిగో' కంపెనీ కస్టమర్ హాల్లో డెబ్బై ఏళ్ళ ముసలాయన ఒకడు టోకెన్ తీసుకున్నాడు. తెల్ల మీసం, వంగిన నడుం, చేతికర్ర. మీసం జిగురు చెమటకు జారుతోంది.

హాలంతా పోగొట్టుకున్నవాళ్ళే. ఒకావిడ వినికిడి మిషన్ పోయిందని గట్టిగా అరుస్తోంది. ఇంకొకాయన బిళ్ళ పెట్టిన పర్సు దొరికింది కానీ ఫోన్ పోయిందంటున్నాడు. కౌంటర్ దగ్గర ముసలాయన వణుకుతూ ఫారం నింపాడు, సంతకం పెట్టాడు, చుట్టూ చూశాడు.

మెట్ల మీది నుంచి నెమలి దిగి వచ్చింది. నీలం చీర, మెడలో ఒంటిపేట ముత్యాలు, నడిస్తే హాల్లో మాటలు ఆగిపోయేంత అందం. పేరుకు కస్టమర్ రిలేషన్స్ మేనేజర్. ఎనిమిది నెలలుగా డిపార్ట్‌మెంటుకు సమాచారం ఇస్తున్న మనిషి.

"ఏం పోయాయి తాతగారూ?"

"తాళాలమ్మా."

"ఏ తలుపువి?"

"తలుపు కూడా పోయింది."

కోడ్ సరిపోయింది. ఆమె నవ్వి, "పైకి రండి, వెతుకుదాం," అంది.

లిఫ్టు. నాలుగో అంతస్తు. కార్డు గీస్తే తెరుచుకునే గాజు తలుపు. లోపల చల్లటి గది. గోడంతా మ్యాపు, మీద వేల చుక్కలు. ఊళ్ళో జనం తాళాలు, పర్సులు, బ్యాగులు, అన్నీ మిణుకుమిణుకుమంటున్నాయి.

నడుం వంపు, కర్ర పక్కన పడేసి మరుపు కీబోర్డు మీదకు వంగాడు. గొడుగు ఏడు.

ఎర్రచుక్క వెలిగింది. పాత మార్కెట్, బట్టల వీధి. నెమ్మదిగా కదులుతోంది. ఒక ఇల్లు, ఆగింది. ఇంకో ఇల్లు. చెల్లాయి పని చేసుకుంటోంది.

ఆ చుక్క వెనక వేగంగా వస్తోంది ఇంకో చుక్క. పక్కన 'రెయిన్‌కోట్' అని రాసి ఉంది.

మరుపు జేబులోని ఫోన్ తీశాడు. సిగ్నల్ లేదు.

వెనక క్లిక్‌మంది. తలుపు తాళం. తర్వాత ఇంకో క్లిక్. అది తాళం కాదు.

"ఈ గదిలో ఫోన్లు పనిచెయ్యవు," అంది నెమలి. చిన్న పిస్టల్ ఆమె చేతిలో ఆడవాళ్ళ వాచీలా ముచ్చటగా ఉంది. "చేతులు పైకి. అసలు నువ్వెవరు? చీఫ్ 'మనవాడొకడు వస్తాడు' అన్నాడు, అంతే."

"పన్నెండో నంబరు."

ఆమె ముఖంలో మొదటిసారి రంగు మారింది.

"అబద్ధం! పన్నెండో నంబరు బస్ డిపోలో ఉన్నాడు. పన్నెండు రోజులుగా కదలకుండా, తిండీ నిద్రా లేకుండా కాపు కాస్తున్నాడు. ఎవరి కోసమో తెలియక మా బాస్ ఆ రూటే మానేశాడు."

"అది నేను కాదు. పోయిన వస్తువుల గదిలో నా గొడుగు."

నెమలి రెండు క్షణాలు అతన్ని చూసింది. తర్వాత పగలబడి నవ్వింది. పిస్టల్ మాత్రం కదలలేదు. ఎడమచేత్తో అతని జేబులు తడిమింది.

"స్టోర్ వాళ్ళు ఏదో ఒకటి ఇస్తారుగా. ఈసారి ఏమిచ్చారు? ఏది?"

"పోయింది."

"నువ్వు ఇంత గొప్పవాడివని తెలిస్తే, మా బాస్‌కి చెప్పి నీకు బిళ్ళలు ఫ్రీగా ఇప్పించేదాన్ని."

మ్యాపు మీద రెయిన్‌కోట్ చుక్క నదిమీది వంతెన దాటింది. మార్కెట్‌కు కిలోమీటరు. మరుపు నెమలి వైపు తిరిగాడు. 

"ఆ అమ్మాయి నా చెల్లెలు. వదిలెయ్. నన్ను ఉంచుకో. పన్నెండు రోజులు మీకు నిద్రలేకుండా చేసినవాణ్ణి, తీసుకో."

"అయ్యో పాపం. ఇద్దరినీ ఉంచుకుంటాలే."

కిలోమీటరు ముప్పావయింది. అరయింది. అతను చుక్కను చూస్తున్నాడు, చెవులు మాత్రం కింది హాలు మీద ఉన్నాయి. రావాలి. ఇప్పటికే రావాలి. రెండూ నలభై ఐదుకు కౌంటర్ మీద, ఫారాల పక్కన వదిలాడు పెన్ను. ఈ పదమూడేళ్ళలో అతను ఒక వస్తువును మరిచిపోకుండా వదిలిపెట్టడం అదే మొదటిసారి. లైన్లో నిలబడి విసిగిపోయిన మనిషి చేతికి బాల్‌పెన్ను దొరికితే ఏం చేస్తాడు? టిక్కు టిక్కుమని నొక్కుతూనే ఉంటాడు. ఎవరో ఒకరు తియ్యాలి. ఎవరో ఒకరికి విసుగు పుట్టాలి.

ఒకవేళ ఎవరైనా మంచివాడు దాన్ని తీసి కౌంటర్ లోపల భద్రంగా పెడితే?

అతను మళ్ళీ చుక్క వైపు చూశాడు.

నాలుగు వందల మీటర్లు.

కింద ఎక్కడో ఒక ఆడమనిషి కేక. మరుక్షణం బిల్డింగంతా అలారం మోగింది. తలుపు కింద నుంచి బూడిదరంగు పొగ పాకింది. గాజు తలుపు తాళం దానంతటదే ఊడింది. నిప్పు అంటుకుంటే అన్ని తలుపులూ తెరుచుకోవాలన్న రూలు ఆరోవేలు ముఠాకు కూడా తప్పదు. వరండాలో ఉద్యోగులు గుంపులుగా పరుగులు.

"మేడం! ఇక్కడున్నారేంటి, రండి!" ఇద్దరమ్మాయిలు నెమలి చెయ్యి పట్టుకుని లాగారు.

పిస్టల్ చప్పున హ్యాండ్‌బ్యాగులోకి పోయింది. ముప్పైమంది చూస్తుండగా కాల్చడం ఆమె వల్ల కాదు. మరుపు వైపు చూసి పెదవి కొరుక్కుంది.

"ఎలాగూ ఆలస్యమైపోయిందిలే," అని గుంపులో కలిసిపోయింది.

మరుపు కుర్చీలోకి దూకాడు. ఫోన్ పనిచెయ్యదు. పరిగెత్తుకుంటూ కిందికెళ్ళి, సిగ్నల్ పట్టి, చీఫ్‌కు చెప్పి, వాళ్ళు మార్కెట్‌కు మనిషిని పంపేసరికి... రెయిన్‌కోట్ రెండు వందల యాభై మీటర్ల దూరంలో ఉన్నాడు.

తెర మీద ఒక్క మీట ఉంది. 'మోగించు'.

నొక్కితే చెల్లాయికి వినిపిస్తుంది. దగ్గరికొస్తే వాడికీ వినిపిస్తుంది. మాస్టారిని పట్టిచ్చిన కూతే అది. ఆమె తల తిప్పి గొడుగు వైపు చూసిందా, అయిపోయినట్టే. చూడకూడదు. వినగానే అర్థం కావాలి.

చిన్నప్పుడు వంటింట్లో చెల్లాయి చక్కెర డబ్బా దగ్గర ఉంటే, కిటికీ దగ్గర కాపలా మరుపు. అమ్మ వస్తోందంటే చెంచాతో కిటికీ ఊచ మీద కొట్టేవాడు. రెండు, ఒకటి, రెండు. అర్థం ఒకటే. చేతిలో ఉన్నది ఉన్నచోటే వదిలేసి పరుగెత్తు.

ఇరవై ఏళ్ళ కిందటి మాట. గుర్తుందా దానికి?

మరుపు మీట నొక్కాడు. రెండు కూతలు. ఆపాడు. ఒకటి. ఆపాడు. రెండు.

ఎర్రచుక్క ఆగిపోయింది.

నూటయాభై మీటర్లు. చుక్క కదలలేదు. మళ్ళీ నొక్కడానికి వేలు లేచింది. వద్దు. ఇప్పుడు నొక్కితే వాడికి చెప్పినట్టే. వేలు గాలిలోనే ఉండిపోయింది. పొగకు కళ్ళు మండుతున్నాయి. "పరిగెత్తు," అన్నాడు తెరతో. "పరిగెత్తవే తల్లీ. అన్నీ నీకు చెప్పాలా."

వంద. యాభై.

చుక్క కదిలింది. జర్రున కదిలింది, మనిషి నడక కాదు, వాహనం వేగం. రెయిన్‌కోట్ చుక్క గిర్రున తిరిగి దాని వెంట పడింది.

పరిగెత్తుతోందా? బండెక్కిందా? గొడుగుతో సహా ఎక్కిందా? పిచ్చిదానా, గొడుగు వదిలెయ్యమన్నాను కదే! చుక్క మెయిన్‌రోడ్డెక్కింది. ఆగింది. కదిలింది. మళ్ళీ ఆగింది. ప్రతి అర కిలోమీటరుకూ ఆగుతోంది.

బస్సు!

బస్సులో పోయిన వస్తువు ఎక్కడికి చేరుతుందో ఈ ఊళ్ళో మరుపు కంటే బాగా తెలిసినవాడు లేడు. అన్నయ్య తర్వాత బాగా తెలిసింది చెల్లాయికే. ఎన్నిసార్లు తనే వెళ్ళి తెచ్చిపెట్టిందో.

వరండాలో బూట్ల చప్పుడు. ఫైర్ బ్రిగేడ్ యూనిఫాంలో నలుగురు లోపలికొచ్చారు. ముందున్నవాడు హెల్మెట్ ఎత్తితే చీఫ్ కారు నడిపే డ్రైవరు.

"పొగ కనిపిస్తే వారంటు అక్కర్లేదన్నారు చీఫ్. పిచ్చుక ఏది?"

"వైర్‌లెస్ ఇటివ్వు. బస్ డిపోకు మనుషులు పోవాలి, ఇప్పుడే!"

"నీ గొడుగు తేవడానికి ఇద్దరు మధ్యాహ్నమే వెళ్ళారుగా. ఇంకా రాలేదు. అక్కడ యాభై నల్లగొడుగులున్నాయట, నీది ఏదో తెలియట్లేదట."

మరుపు వైర్‌లెస్ లాక్కున్నాడు. ఈ గదిలో అడ్డు ఫోన్లకే, దానికి లేదు. డిపోలో పోయిన వస్తువుల గదిలో ఉన్న ఆ ఇద్దరినీ బీరువా వెనక దాక్కోమన్నాడు.

మూడూ ఇరవైకి ఎర్రచుక్క డిపోలో ఆగింది. రెయిన్‌కోట్ చుక్క వెనకే ఆగింది. వైర్‌లెస్‌లో తలుపు కిర్రుమన్న చప్పుడు. తడి బూట్లు. ఒక్కొక్క అడుగూ.

గొడుగు పక్కన చెల్లాయి ఉందో లేదో మరుపుకు ఇప్పటికీ తెలియదు.

వాడు ఫోన్ తీసి మోగించి ఉంటాడు. ఒక గొడుగు కీచుమంది. వెంటనే మరుపు పన్నెండో నంబరు మోగించాడు. గది రెండో మూల నుంచి ఇంకో కీచు. తడి బూట్లు గిర్రున తిరిగాయి. ఏది? ఎవరు?

ఆ ఒక్క క్షణం చాలింది. బీరువా పడింది, తుపాకీ పేలింది, పెంకు పగిలింది, ఎవరో మూలిగారు. తర్వాత రొప్పుతూ ఒక గొంతు.

"పట్టుకున్నాం సార్. పైకప్పుకి బొక్క పడింది, అంతే."

"అమ్మాయి? అమ్మాయి ఉందా అక్కడ?"

"ఇక్కడ ఎవరూ లేరు సార్. కండక్టర్ ఇప్పుడే తెచ్చిచ్చిన గొడుగొక్కటే ఉంది."

మరుపు తల టేబుల్ మీద ఆనించాడు. డ్రైవరు మర్యాదగా గోడ వైపు తిరిగి నిలబడ్డాడు.

కాసేపటికి మరుపు ముఖం తుడుచుకుని, ఊడిన మీసంతోనే కీబోర్డు మీద ఇంకో పేరు కొట్టాడు. కంపెనీ ఉద్యోగులందరికీ కారు తాళాలకు ఉచితంగా బిళ్ళ ఇస్తారని పెద్ద అక్షరాలతో కింది హాల్లోనే రాసి ఉంది. నెమలి చుక్క ఎయిర్‌పోర్టు రోడ్డులో దొరికింది.

*

సాయంత్రం ఆరింటికి స్టోర్ రూములో స్టోర్ కీపర్ అప్పగింతల జాబితా రాస్తున్నాడు. అతని మీద ఎంక్వయిరీ పడింది. చనిపోయిన ముగ్గురి పేర్ల దగ్గర కలం ఆగిపోతోంది.

చెల్లాయి నిలువునా తడిసి వచ్చింది. చేతిలో కుట్టుమిషన్ కేటలాగు. అన్నయ్యను చూసింది.

"గుర్తుందా నీకు?" అన్నాడు మరుపు.

"మరిచిపోవడం మనింట్లో నీ ఒక్కడికే అన్నయ్యా. మొదటి రెండు కూతలకే చక్కెర రుచి వచ్చింది నోట్లో." తడిసిన కేటలాగును మడిచి చంకలో పెట్టుకుంది. "అమ్మకి చెప్పకు."

"ఏమని చెప్తాను? గొడుగు పోయిందనా?"

ఆ మాట వినగానే అలవాటు కొద్దీ స్టోర్ కీపర్ చెయ్యి సొరుగులోకి పోయింది. మూడు కాపీలు.

"ఏడో నంబరు, పన్నెండో నంబరు కోర్టు సాక్ష్యాల్లో ఉన్నాయి. పొగ పెన్ను వాడేశావు. ముగ్గురం సాక్షులం. సంతకం పెట్టు బాబూ. ఇవే నా ఆఖరి ఫారాలు."

మరుపు జేబులు తడుముకున్నాడు.

"పెన్ను అక్కర్లేదులే," అన్నాడు స్టోర్ కీపర్ కాస్త గర్వంగా. "ఈ మధ్యాహ్నమే కొత్త ఏర్పాటు చేశాను. బ్యాటరీ లేదు, యాప్ లేదు, శత్రువులకు అంతు చిక్కదు."

టేబుల్ కాలికి మూడు ముళ్ళు వేసి కట్టిన గట్టి దారం. దాని చివర ఒక పెన్ను.

మరుపు మూడుచోట్లా సంతకం పెట్టి, ఆయన భుజం మీద చెయ్యి వేసి నొక్కి, చెల్లాయిని తీసుకుని వెళ్ళిపోయాడు. స్టోర్ కీపర్ ఫారాలు సర్దుకుని, ఫైలు మీద తేదీ వెయ్యడానికి చెయ్యి చాపాడు.

దారం ఉంది.